విండోస్ 11 ఫస్ట్ ఇంప్రెషన్స్: తెలుగు డీటీపీ సిస్టమ్‌లో ఏం మారింది?

విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సిస్టమ్ ఆగిపోదు కానీ మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి. పటమటలో మా బాబాయ్ డీటీపీ షాపులో శుభలేఖలు, కరపత్రాలు అన్నీ ఒకే సిస్టమ్ మీద నడుస్తాయి. రోజంతా ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో అందులో పెడుతుంటారు. అందుకే విండోస్ 11కి మార్చేద్దాం అన్నాను. ‘కొత్తది ఎలా ఉన్నా పర్లేదురా, నా పాత మ్యాటర్ మాత్రం ఓపెన్ అవ్వాలి’ అన్నాడు బాబాయ్.

ముందు చెక్ చేయాల్సింది

సిస్టమ్‌లో ఉన్నది 8వ జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. అయినా ‘పీసీ హెల్త్ చెక్’ యాప్ టీపీఎం 2.0 లేదని చూపించింది. ఇది చూసి కొత్త సీపీయూ కొనేయకండి. చాలా బోర్డుల్లో ఇది ఉంటుంది, బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుందంతే. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో కనిపిస్తుంది. ఆన్ చేశాక మాకు లైన్ క్లియర్ అయింది. ఫైళ్లు, ఫాంట్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని అప్పుడు మొదలుపెట్టాం.

వాడి చూస్తే

స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చింది. టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో మళ్లీ ఎడమవైపు పెట్టుకోవచ్చు. రైట్ క్లిక్ మెనూ కుదించారు. షిఫ్ట్ నొక్కి రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ వస్తుంది. స్పీడ్‌లో మాత్రం నాకు పెద్ద తేడా తెలియలేదు.

అసలు పరీక్ష తెలుగు

పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైల్‌లో సేవ్ అయ్యేది ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌లే, వాటికి తెలుగు ఆకారం ఇచ్చేది ఫాంట్. ఫాంట్ పోతే శుభలేఖ పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. ఫైళ్లు, యాప్‌లు ఉంచే ఆప్షన్‌తో అప్‌గ్రేడ్ చేశాం కాబట్టి ఫాంట్లు అలాగే ఉన్నాయి. పాత మ్యాటర్ అక్షరం చెదరకుండా ఓపెన్ అయింది.

అలాగని అన్ని సమస్యలూ తీరలేదు. వాట్సాప్‌లో వచ్చే మ్యాటర్ యూనికోడ్. దాన్ని పాత ఫాంట్‌లోకి తేవాలంటే ఇప్పటికీ కన్వర్టర్ కావాల్సిందే. ఓఎస్ మార్చినంత మాత్రాన అది మారదు. కొత్త మ్యాటర్‌ని యూనికోడ్‌లోనే కొట్టాలనుకుంటే తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ విండోస్‌లోనే ఉంది. లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు యాడ్ చేసుకుని, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

చివరగా

నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి విండోస్ 10కి వెనక్కి వెళ్లొచ్చు. కాబట్టి మొదటి రెండు రోజుల్లోనే ఒక పాత ఫైల్, ఒక ప్రింట్, ఒక పీడీఎఫ్ టెస్ట్ చేసేయండి. ఇంకోటి, డీటీపీ షాపు అయితే ముహూర్తాల సీజన్‌లో ఈ పని పెట్టుకోవద్దు. మూఢం వచ్చేదాకా ఆగండి.