సొంత మరమ్మతు తరువాత కదలని పాల లారీ

నిన్నటి వరకు నడిచిన లారీ, రాత్రి మనమే ఏదో విప్పి బిగించిన తరువాత తెల్లవారి స్టార్టు కాకపోతే ఏమి చేయవలెను? సొంత వాహనంపై పాలు చేర్చుకొనే సంఘాలవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. మా కళ్లెదుట జరిగిన ఒక సంఘటనతో దీనిని వివరించదలచినాము.

ఒక సంఘానికి లెక్కల తనిఖీ నిమిత్తం ఉదయం ఏడు గంటలకు చేరినాము. వీధిలో పాత రకపు డీజిల్ లారీ, దానిపై 40 లీటర్ల క్యాన్లు 22 ఎక్కించి ఉన్నవి. సెల్ఫ్ కొడితే ఇంజను చురుకుగా తిరుగుతున్నది కాని స్టార్టు కావడం లేదు. పదిమంది చేరి తోస్తున్నారు. బ్యాటరీ మార్చమని ఒకరు, నాజిళ్లు విప్పమని మరొకరు. డ్రైవరు మాత్రం తల వంచుకొని నిలబడ్డాడు.

"ఏమయ్యా, నిన్న బండి బాగానే వచ్చిందా?"

"వచ్చిందండి."

"రాత్రి ఏమైనా విప్పావా?"

కాసేపటికి గాని జవాబు రాలేదు. "డీజిల్ ఫిల్టరు మార్చానండి. షెడ్డు కూలి సంఘానికి మిగులుతుందనుకున్నాను."

ఈ మాట ముందే చెప్పి ఉంటే అంతసేపు తోయవలసిన పని ఉండేది కాదు. చేయి పడిన చోటునే మొదట చూడవలెను. నిన్న నడిచిన బండికి ఒక్క రాత్రిలో బ్యాటరీ, నాజిళ్లు, పంపు అన్నీ చెడిపోవడం అరుదు. కొత్త చోట్లు విప్పుతూ పోతే అసలు లోపమేదో, మనం తెచ్చిపెట్టినదేదో తెలియకుండా పోవును.

సెల్ఫ్ అసలు తిరగక టిక్కుమని ఊరుకుంటే దారి వేరు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూడండి. దీపాలు బాగా మసకబారితే బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు, లేదా టెర్మినల్ వదులై ఉండవచ్చు. మరమ్మతు కోసం విప్పిన ఎర్త్ వైరు తిరిగి బిగించడం మరచేవారూ ఉన్నారు. బ్యాటరీ వైర్లు తారుమారుగా మాత్రం కలుపరాదు, ఆల్టర్నేటరు కాలిపోగలదు.

సెల్ఫ్ తిరిగి కూడా ఇంజను అందుకోకపోతే డీజిల్ అందడం లేదని అనుమానించవలెను. పాత బండ్లలో ఇంజను ఆపే స్టాప్ కేబుల్ పూర్తిగా లోపలికి పోయిందో లేదో ముందు చూడండి. నవ్వవలసిన విషయమే గాని, దానివల్ల మధ్యాహ్నం దాకా ఆగిన బండిని మేము ఎరుగుదుము.

ఇక ఫిల్టరు సంగతి. ఫిల్టరు మార్చినపుడు అందులోకి గాలి చేరుతుంది. డీజిల్ పంపు ద్రవాన్ని ఒత్తగలదు గాని, గాలి ఉంటే అది నలిగి ఊరుకుంటుంది, నాజిలుకు డీజిల్ చేరదు. దీనినే మెకానిక్కులు ఎయిర్ పట్టిందంటారు. ఎంత తోసినా ప్రయోజనం ఉండదు. ఫిల్టరు తలపై ఉన్న చిన్న స్క్రూను ఒకటి రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపుపై ఉన్న చేతి పంపును కొట్టవలెను. మొదట నురుగు, తరువాత బుడగలు, చివరకు బుడగలు లేని ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించవలెను. అదే విధంగా పెద్ద పంపుపై ఉన్న స్క్రూ వద్దా గాలి తీయవలెను. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టరాదు, మధ్యలో ఒక నిమిషమైనా ఆగవలెను.

కొత్త బండ్ల విషయంలో ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్. 6 ప్రమాణాలు అమలులోకి వచ్చినవి. కామన్ రైల్ ఇంజన్లలో నాజిళ్లకు పోయే గొట్టాలలోని ఒత్తిడి వెయ్యి బార్లను దాటుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. ఆ గొట్టాల నట్లు సంఘంలో ఎవరూ వదులు చేయరాదు. బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్లు ఫిల్టరు వద్ద గాలి తీసి, అప్పటికీ కాకపోతే మెకానిక్కును పిలవండి.

మా లారీ గాలి తీయగానే స్టార్టు అయినది. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు నిమిషాలలో మళ్లీ ఆగినది! పరీక్షగా చూస్తే ఫిల్టరు అంచున డీజిల్ చెమ్మ. విప్పి చూడగా పాత రబ్బరు రింగు పైభాగానికే అతుక్కొని ఉన్నది, డ్రైవరు దాని మీదనే కొత్త రింగు బిగించాడు. రాత్రి టార్చిలైటు వెలుగులో అది కనపడలేదట. రెండు రింగుల మధ్య సందున డీజిల్ కారి ఒత్తిడి నిలవలేదు. పాతది గీకి తీసి, మళ్లీ గాలి తీసేసరికి ఎనిమిదిన్నర దాటినది.

ఇక్కడ మా పొరపాటూ చెప్పవలెను. ఇంజను ధ్యాసలో పడి క్యాన్లను మరిచినాము. పాలు పొదుగు నుంచి సుమారు 37 డిగ్రీల వేడితో వస్తాయి. ఆ వేడిలో తొలి రెండు గంటలు ఎలాగో నిలిచినా, ఆపైన సూక్ష్మజీవులు అరగంటకోసారి రెట్టింపు కాగలవు. మేము చేరగానే క్యాన్లను నీడకు దించి, పైన తడి గోనెలు కప్పి, పొరుగు సంఘం బండికి కబురు పంపి ఉండవలసినది. పైగా డీజిల్ చేతులతో ఇద్దరు మూతలు సర్దబోతే కార్యదర్శిగారు గట్టిగా వారించారు. డీజిల్ వాసన అంటిన పాలను కేంద్రంలో ఎవరూ దింపుకోరు.

ఎండ తగిలిన వైపున్న మూడు క్యాన్లు కేంద్రంలో కాచి చూడగా విరిగినవి. 120 లీటర్లు. సభ్యులకు కొలత ప్రకారం చెల్లించక తప్పదు గనుక నష్టం సంఘం మీద పడినది. మేము తనిఖీ చేయవచ్చిన పుస్తకంలోనే కార్యదర్శిగారు ఆ సాయంత్రం ఆ పద్దు వ్రాశారు. డ్రైవరు లాగ్‌బుక్ అడిగి తీసుకొని, ఫిల్టరు మార్చిన తేదీ, వేళ, రింగు సంగతి తన చేతితోనే వ్రాసి సంతకం చేశాడు.