పొగ అందరూ తీస్తారు, పని తీయండి

డార్జిలింగ్ టాయ్ ట్రైన్ వీడియోలకు యూట్యూబ్‌లో కొదవ లేదు. మలుపు, కూత, పొగ, పిల్లల కేరింతలు, వెనక ఓ పాత హిందీ పాట. ఇంజన్ ముందు భాగంలో కూర్చుని పట్టాల మీద ఇసుక వేసే మనిషి మాత్రం ఆ వీడియోల్లో ఒక్క క్షణం కనిపించి మాయమైపోతాడు. ఆ ఇసుక ఎందుకో ఎవరూ చెప్పరు.

ఆవిరి బండ్ల మీద ఇష్టంతో సెలవులు కూడబెట్టుకుని, కెమెరా కొనుక్కుని కొండలెక్కే ఉద్యోగులకు నా సలహా ఒక్కటే. పొగ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పనిని తీయండి. ఇంజన్ పాతబడితే కొత్తది చేయించవచ్చు. నీలగిరి రైలు కోసం తిరుచ్చి దగ్గరి పొన్మలై వర్క్‌షాపులో ఈ మధ్యకాలంలోనే కొత్త ఆవిరి ఇంజన్లు తయారుచేశారు. కానీ నిప్పు చూసి ఎప్పుడు, ఎంత బొగ్గు వేయాలో చెప్పగల ఫైర్‌మన్ రిటైరైతే ఆ తెలివి అతనితోపాటే ఇంటికి వెళ్లిపోతుంది.

ముందు బండిని చదవండి

డార్జిలింగ్ లైను 1879, 1881 మధ్య వేశారు. పట్టాల మధ్య దూరం రెండడుగులు, అంటే 610 మి.మీ. బండి 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఘూమ్ స్టేషన్ దాకా ఎక్కాలి. పళ్ల పట్టా (ర్యాక్ రైల్) సాయం లేదు. లూపులు తిరుగుతూ, కొన్నిచోట్ల ఆగి వెనక్కి నడిచి మళ్లీ ముందుకు సాగుతూ ఎక్కుతుంది. తడి పట్టాల మీద చక్రం జారితే ఇసుకే దిక్కు. 1889 నుంచి వాడుకలో ఉన్న బి క్లాస్ ఇంజన్ మీద డ్రైవరు, ఫైర్‌మన్‌తోపాటు బొగ్గు కొట్టే మనిషి, ఇసుక వేసేవాళ్లు ఉండటం అందుకే. ఎవరి పని ఏమిటో తెలిస్తే కెమెరా ఎక్కడ పెట్టాలో మీకే తోస్తుంది.

అంత దూరం వెళ్లే వీలు లేనివాళ్లు నీలగిరిలో చేయి అలవాటు చేసుకోవచ్చు. అది మీటర్ గేజ్ లైనే అయినా మెట్టుపాళయం, కూనూరు మధ్య ఆవిరి ఇంజనే నడుస్తుంది. పళ్ల పట్టా పట్టుకుని ఎక్కే తీరు అక్కడ దగ్గర్నుంచి చూడొచ్చు.

సెలవు లెక్క

వానాకాలంలో డార్జిలింగ్ కొండల్లో చరియలు విరిగిపడతాయి. 2010, 2011లో విరిగిన చరియలు లైనును తెంపేస్తే, కింది నుంచి పై దాకా బండి మళ్లీ నడిచేసరికి 2015 వచ్చింది. కాబట్టి అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా మంచి అదను. చలిగాలిలో ఆవిరి తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది కూడా. న్యూజల్పాయిగురి నుంచి పైకి వెళ్లే బండికి మామూలుగా డీజిల్ ఇంజను ఉంటుంది. ఆవిరి కావాలంటే డార్జిలింగ్, ఘూమ్ మధ్య తిరిగే జాయ్ రైడ్‌లలో ఆవిరి ఇంజన్ అని రాసి ఉన్నదే బుక్ చేయండి.

ప్రయాణానికి పట్టే రోజుల మీద కనీసం రెండు రోజులు అదనంగా సెలవు పెట్టండి. బండి రద్దయిందని కొండ మీంచి మేనేజరుకు ఫోన్ చేసే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఆ అదనపు రోజుల్లో ఒకటి పూర్తిగా ఇంజన్ షెడ్డుకు కేటాయించండి. బండి కదలడానికి గంటల ముందే నిప్పు రాజేస్తారు. అసలు పనంతా అప్పుడే జరుగుతుంది.

అనుమతి, ప్రాణం

ప్లాట్‌ఫారం మీద నుంచో, పక్కనున్న రోడ్డు మీద నుంచో సొంతానికి తీసుకునే వీడియో వేరు, షెడ్డులోకి వెళ్లి తీసేది వేరు. షెడ్డు, వర్క్‌షాపు, ఇంజన్ క్యాబ్ దేనికైనా రాతపూర్వక అనుమతి కావాలి. డార్జిలింగ్ లైను ఈశాన్య సరిహద్దు రైల్వే కిందికి వస్తుంది. ఈ లైను డైరెక్టర్ ఆఫీసు కర్సియాంగ్‌లో ఉంది. వ్యాపారం కోసం తీసే సినిమాకైతే జోనల్ ప్రజాసంబంధాల విభాగాన్ని అడగాలి. ఉత్తరంలో మీ పేరు, తేదీలు, తెచ్చే పరికరాలు, వీడియో ఎక్కడ వాడతారో నాలుగు వాక్యాల్లో రాయండి. బయల్దేరడానికి చాలా ముందే పంపండి.

రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి రావడం నేరం. బండి నెమ్మదిగా వస్తోంది కదా అని ఎదురుగా నిలబడేవాళ్లు ఉన్నారు. డార్జిలింగ్ లైనులో రోడ్డు, పట్టాలు పక్కపక్కనే నడుస్తూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. బండిని చూస్తూ వెనక్కి అడుగేస్తే జీపు కింద పడతారు. తోడుగా వచ్చినవాళ్లలో ఒకరికి రోడ్డు చూసే పని అప్పగించండి. డ్రోన్ తీసుకెళ్తుంటే 2021 డ్రోన్ రూల్స్ చదివి, డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకున్నాకే పెట్టె తెరవండి.

కెమెరా, చెవి

తెల్లటి ఆవిరి కెమెరాను మోసం చేస్తుంది. ఎక్స్‌పోజర్ ఆటోకు వదిలేస్తే ఆవిరి సున్నం ముద్దలా, ఇంజన్ నల్లటి మచ్చలా వస్తాయి. మాన్యువల్‌లో పెట్టి, ఆవిరిలో మడతలు కనిపించేదాకా ఒక స్టాపు తగ్గించండి. 25 ఫ్రేములకు షటర్ 1/50 ఉంటే చక్రాల కదలిక సహజంగా వస్తుంది. ఎండ ఎక్కువైతే ఎన్‌డీ ఫిల్టర్ వాడండి. ట్రైపాడ్ మీద పెట్టి, బండి రాకముందు పది సెకన్లు, వెళ్లాక పది సెకన్లు కదపకండి. బొగ్గు నుసి ఉన్నచోట లెన్సు మార్చకండి.

శబ్దం సగం పని. రెండు సిలిండర్ల ఇంజన్ పొగగొట్టం, చక్రం ఒక్కసారి తిరిగేలోపు నాలుగు సార్లు ఛుక్కుమంటుంది. ఆ నాలుగూ సమంగా లేకపోతే లోపల ఏదో తేడా ఉందని తెలిసినవాళ్లు వినే చెబుతారు. కాబట్టి గాలి తొడుగు వేసిన విడి రికార్డరు పెట్టుకోండి, ఆ శబ్దం మీద పాట అతికించకండి.

మనుషులతో మాట

పని మధ్యలో ఎవరినీ ప్రశ్నలడగొద్దు, డ్యూటీ దిగాక అడగండి. కెమెరా బయటికి తీసేముందే ఒప్పుకోలు తీసుకోండి. "ఎలా అనిపిస్తుంది?" అని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు. "నిప్పు పలచబడిందని ఎలా తెలుస్తుంది? చేత్తో చూపించండి" అంటే చేతులు మాట్లాడతాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రైల్వే ఉద్యోగులకూ ప్రవర్తనా నియమాలున్నాయి. పై అధికారి మీద నోరు జారిన మాటను వీడియోలో పెడితే మీకు వ్యూస్, ఆయనకు మెమో. దాన్ని కత్తిరించేయండి. పూర్తయిన వీడియో కాపీ వాళ్లకు పంపండి. మరోసారి వెళ్తే షెడ్డు తలుపు మీకు తెరుచుకునేది దాని వల్లే.

ఇలా తీసిన వీడియో విలువేమిటో వేల్స్‌లోని టాలిలిన్ రైల్వే చెబుతుంది. 1865 నాటి ఈ చిన్న లైనును 1951లో ఔత్సాహికులే చేతుల్లోకి తీసుకుని నడిపారు. ప్రపంచంలో అలా బతికిన మొదటి రైల్వే అదే. అమెరికన్ కార్సన్ డేవిడ్సన్ 1953లో అక్కడ సినిమా తీశాడు. గడ్డిలో మునిగిన పట్టాల మీద వాళ్లు పడ్డ పాట్లు చూడాలంటే ఇవాళ ఆ రీళ్లే ఆధారం.

దాచడం, సంపాదించడం

ఏ ఇంజన్, ఏ నెంబరు, ఏ చోటు, ఏ తేదీ, ఎవరు నడిపారు అన్నవి ఆ రాత్రే ఫైలు పేరులోనూ నోటుబుక్కులోనూ రాయండి. కాపీలు మూడు ఉంచండి. ఒకటి ఇంట్లో కాకుండా వేరేచోట ఉండాలి.

నిడివైన వీడియోలతో యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. ఈ తరహా వీడియోలకు అది నిదానంగా వస్తుంది, దాన్ని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోకండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే సీసీఎస్ కాండక్ట్ రూల్స్ 1964లోని 15వ నిబంధన చదివి, ముందే పై అధికారి అనుమతి తీసుకోండి. రాష్ట్ర ఉద్యోగులకు వాళ్ల నియమాలు ఉంటాయి. ప్రైవేటు వాళ్లు అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయటి సంపాదన గురించి ఏముందో చూసుకోండి. వచ్చింది ఎంతైనా ఐటీ రిటర్నులో చూపించండి.

అసలు రాబడి వేరే దారిలో ఉంది. ఒక మనిషి చేతిపనిని చూసి, అడిగి, వరుసగా, అర్థమయ్యేలా రికార్డు చేయడం ఏ ఫ్యాక్టరీకైనా కావాల్సిన విద్య. సీనియర్ టెక్నీషియన్ రిటైరయ్యే ముందు అతని పని విధానాన్ని రికార్డు చేసే మనిషి కోసం ప్లాంట్లు వెతుకుతుంటాయి. మీ రెజ్యూమెలో "హాబీ: రైల్ వీడియోలు" అని రాస్తే ఎవరూ చదవరు. "బాయిలర్ వెలిగించే పద్ధతిని అనుమతితో చిత్రీకరించి, దశలవారీగా వివరించాను" అని రాసి లింకు ఇస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

మొదలుపెట్టడానికి డార్జిలింగ్ దాకా వెళ్లనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో నారో గేజ్ లైను వచ్చింది. తర్వాత గుణుపురం దాకా సాగింది. 2004లో దాన్ని ఆపి బ్రాడ్ గేజ్ వేశారు. ఆ చిన్న పట్టాల మీద పనిచేసినవాళ్లు ఆ ఊళ్లలో ఇప్పటికీ దొరుకుతారు. బండి లేకపోయినా వాళ్ల జ్ఞాపకం ఉంది, చేతులున్నాయి. ఈ ఆదివారం మీ రికార్డరు పట్టుకుని ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.