గొలుసులో 40 ఎక్కడికి పోయింది?

విద్యార్థులారా! మీ స్నేహితులు నలుగురు నాలుగు వీధుల్లో ఉన్నారనుకోండి. మొదటివాని ఇల్లు మాత్రమే మీకు తెలుసు. రెండవవాని చిరునామా మొదటివాని దగ్గరి చీటీలో ఉంది; మూడవవానిది రెండవవాని చీటీలో ఉంది. చివరివాని చీటీలో 'ఇక ఎవరూ లేరు' అని ఉంది. మధ్యలో ఒక చీటీ పోతే? మిగిలినవారు ఇళ్ళలోనే ఉంటారు, కాని వారిని చేరే దారి ఉండదు.

సి భాషలో లింక్‌డ్ లిస్టు ఇటువంటిదే. ఒక్కొక్క ఇల్లు ఒక నోడ్. చిరునామా ఉండే చీటీ పాయింటర్. 'ఇక ఎవరూ లేరు' అనే గుర్తు నల్.

10, 20, 40 అనే గొలుసులో 20 తరువాత 30ని చేర్చాలి. ఒక విద్యార్థి ఇలా రాశాడు:

1. 20 చీటీలో 30 చిరునామా ఉంచు.
2. 20 చీటీలో ఉన్నదాన్ని 30 చీటీలోకి ఎత్తి రాయి.

కంపైలరు ఒక్క తప్పూ చూపలేదు. కాని ప్రోగ్రాము 10, 20, 30, 30, 30 అంటూ ఆగకుండా అచ్చువేసింది! ఎందుకు? మొదటి వాక్యంతోనే 40 చిరునామా చెరిగిపోయింది. రెండవ వాక్యం వచ్చేసరికి 20 చీటీలో ఉన్నది 30 చిరునామాయే. అందుచేత 30 తనను తానే చూపుకుంది. వాక్యాలు రెండూ సరైనవే, వరుసే తప్పు. వాటిని తారుమారు చేస్తే చాలు.

తొలగించేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. 30ని ఫ్రీ చేశాక దాని చీటీ చదవడం, ఖాళీ చేసి తాళం అప్పగించిన ఇంట్లో వస్తువు వెతకడం వంటిది. ఒక్కొక్కసారి అది దొరుకుతుంది కూడా! ప్రమాదం అక్కడే ఉంది: ఈరోజు నడిచిన ప్రోగ్రాము రేపు చెడిపోవచ్చు. కనుక ముందుగా 40 చిరునామాను 20 చీటీలో రాసి, ఆ తరువాతే 30ని ఫ్రీ చేయాలి.

తప్పు దొరకకపోతే కంప్యూటరును కాసేపు వదలి కాగితం తీసుకోండి. నోడ్‌కొక గడి, పాయింటర్‌కొక బాణం గీయండి. ప్రోగ్రాములోని ఒక్కొక్క వాక్యానికి తగినట్లు బాణం చెరిపి, కొత్తది గీయండి. చెరిపే ముందు 'ఈ చిరునామా మరెక్కడైనా రాసి ఉందా?' అని ప్రశ్నించుకోండి. తరువాత జీడీబీ అనే సాధనంతో ఒక్కొక్క వాక్యాన్నే నడిపి, మీ బొమ్మతో పోల్చండి. ఫ్రీ చేసిన చోటును చదివితే వాల్‌గ్రైండ్ అనే సాధనం ఆ వాక్యాన్ని చూపగలదు.

ఇప్పుడు మీకొక ప్రశ్న: 10కి ముందు 5ను చేర్చాలంటే ఎన్ని బాణాలు గీయాలి? ఏది ముందు? బొమ్మ గీసి చూడండి.