నెట్ కట్ అవ్వకుండా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మార్చడం ఎలా?

పాత బ్రాడ్‌బ్యాండ్‌లో స్పీడ్ రావట్లేదు. కొత్త కంపెనీ వాళ్లేమో అదే డబ్బుకి డబుల్ స్పీడ్ ఇస్తామంటున్నారు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని, పాత కంపెనీకి ఫోన్ చేసి "మా కనెక్షన్ తీసేయండి" అని చెప్పడం. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. పాతది వెంటనే ఆగిపోతుంది, కొత్తది మాత్రం "రేపు వస్తాం సార్" అంటూనే వారం గడుస్తుంది. ఆ వారంలోనే ఆఫీస్ మీటింగో, ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల ఆఖరి తేదీయో ఉంటే పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మొబైల్ లాగా పోర్ట్ ఎందుకు కుదరదు?

మొబైల్ నంబర్ పోర్టబిలిటీ మన దేశమంతటా 2011 జనవరి 20 నుంచి ఉంది. అక్కడ కంపెనీ మారినా కొత్తగా వైర్ లాగాల్సిన పని లేదు. ఇంటి ఫైబర్ అలా కాదు. మీ గోడకున్న వైర్ ఆ కంపెనీ పరికరం దగ్గరే మొదలవుతుంది. మీ ఇంట్లోని ఫైబర్ బాక్స్ (ఓఎన్‌టీ) సీరియల్ నంబర్ కూడా వాళ్ల సిస్టంలోనే రిజిస్టర్ అయి ఉంటుంది. అందుకే పాత బాక్స్‌కి కొత్త వైర్ గుచ్చినంత మాత్రాన నెట్ రాదు.

బ్రిటన్‌లో 2024 సెప్టెంబర్ 12 నుంచి 'వన్ టచ్ స్విచ్' అనే పద్ధతి ఉంది. కస్టమర్ కొత్త కంపెనీకి చెబితే చాలు, పాతదాన్ని ఆపించే పని కూడా వాళ్లే చూసుకుంటారు. మన దగ్గర ఆ పని మనమే చేసుకోవాలి. దానికి ఒక్కటే రూల్: కొత్తది వచ్చి, బాగా పనిచేస్తోందని తేలాకే పాతది తీసేయాలి. నెలకు 600 రూపాయల ప్లాన్ అనుకుంటే రోజుకు 20 పడుతుంది. పది రోజులు రెండూ నడిపితే అదనంగా అయ్యేది 200 రూపాయలే.

కందుకూరు లాంటి చోట ముందే చూసుకోవాల్సినవి

మనం చెప్పుకునేది శ్రీశైలం హైవే మీదున్న రంగారెడ్డి జిల్లా కందుకూరు గురించి. ఇలా సిటీ అంచున ఉన్న ఊళ్లలో, కంపెనీ సైట్‌లో 'హైదరాబాద్‌లో అందుబాటులో ఉంది' అని కనిపించినంత మాత్రాన మీ వీధికి వైర్ ఉన్నట్టు కాదు. మెయిన్ రోడ్డు మీద ఫైబర్ ఉన్నా లోపలి కాలనీకి వచ్చి ఉండకపోవచ్చు. అందుకే డబ్బు కట్టే ముందు మూడు విషయాలు అడగండి. మా వీధి దాకా మీ లైన్ ఉందా? అదనపు వైర్ ఖర్చు ఎవరిది? వైర్ తెగితే వచ్చి చూసేది ఎవరు? చాలా చోట్ల పెద్ద కంపెనీ పేరుతో కనెక్షన్ ఇచ్చేది లోకల్ కేబుల్ ఆపరేటరే. కాబట్టి ఆయన సర్వీస్ ఎలా ఉందో పక్కింటివాళ్లను అడిగితే, యాడ్‌లో లేని సంగతులు తెలుస్తాయి.

ఇంకో విషయం: కంపెనీలు రెండైనా స్తంభం ఒకటే కావచ్చు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాలపై ఉన్న కేబుళ్లను తొలగించడం మొదలుపెట్టింది. నగరంలో చాలా ఇళ్లకు నెట్ ఆగిపోయింది, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. మీ పాత వైరూ కొత్త వైరూ ఒకే స్తంభం మీద ఉంటే రెండూ ఒకేసారి పోవచ్చు. అందుకే ఫోన్ హాట్‌స్పాట్‌ని కూడా సిద్ధంగా ఉంచుకోండి. వైర్ రాని చోట 5జీతో పనిచేసే ఎయిర్‌ఫైబర్ కూడా ఒక దారి. జియో దీన్ని 2023 సెప్టెంబర్ 19న హైదరాబాద్ సహా 8 నగరాల్లో మొదలుపెట్టింది. బుక్ చేసే ముందు అదే కంపెనీ సిమ్‌తో డాబా ఎక్కి 5జీ సిగ్నల్ ఎలా ఉందో చూడండి.

స్టెప్ బై స్టెప్

1. ప్లాన్ అయిపోవడానికి 15 రోజుల ముందే కొత్తది బుక్ చేయండి. పాత అకౌంట్‌లో ఆఖరి తేదీ, అడ్వాన్స్‌గా కట్టిన నెలలు, రూటర్ డిపాజిట్ ఎంతో చూసి రాసుకోండి.

2. వైఫై పేరు, పాస్‌వర్డ్, స్టాటిక్ ఐపీ ఉంటే ఆ వివరాలు నోట్ చేసుకోండి. ల్యాండ్‌లైన్ నంబర్‌ని మొబైల్ నంబర్‌లా వేరే కంపెనీకి మార్చుకోలేం. అది ఎక్కడెక్కడ ఇచ్చారో చూసి ముందే మార్పించండి.

3. టెక్నీషియన్ వచ్చినప్పుడు పాత వైర్, పాత బాక్స్ ముట్టుకోవద్దని చెప్పండి. కొత్త బాక్స్ పక్కనే పెట్టించండి. ఫైబర్‌ని మూల దగ్గర గట్టిగా మడవకూడదు. బాక్స్‌కి వచ్చే ఆప్టికల్ పవర్ ఎంతో అడగండి. మామూలు జీపాన్ కనెక్షన్‌లో అది మైనస్ 27 డీబీఎంకి దగ్గరగా ఉంటే లైన్ వీక్ అన్నట్టే. మైనస్ 20 దగ్గర ఉంటే నిశ్చింత.

4. కనీసం మూడు రోజులు టెస్ట్ చేయండి. అందరూ వాడే రాత్రి 8 నుంచి 11 మధ్య, వీలైతే ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి. డౌన్‌లోడ్ ఒక్కటే కాదు, అప్‌లోడ్, పింగ్ కూడా ముఖ్యమే. ఒక వీడియో కాల్ మాట్లాడి చూడండి.

5. టెస్ట్ జరిగినన్ని రోజులు కొత్త వైఫైకి వేరే పేరు ఉంచండి. అంతా ఓకే అనుకున్నాక పాత బాక్స్ ఆఫ్ చేసి, కొత్తదానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్, అదే సెక్యూరిటీ టైప్ పెట్టండి. టీవీ, కెమెరా, ప్రింటర్ చాలావరకు వాటంతట అవే కనెక్ట్ అవుతాయి. సొంత రూటర్ ఉంటే పని ఇంకా సులువు. దాని వ్యాన్ కేబుల్‌ని కొత్త బాక్స్‌కి మార్చి, కొత్త కంపెనీ ఇచ్చిన లాగిన్ పెడితే సరిపోతుంది.

6. సీసీ కెమెరాను బయటి నుంచి చూస్తుంటే, మొబైల్ డేటా మీద ఒకసారి ఓపెన్ చేసి చూడండి. కొత్త కంపెనీ చాలామందికి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తుంటే, పోర్ట్ ఫార్వర్డింగ్ మీద నడిచే కెమెరా బయటి నుంచి కనిపించదు. క్లౌడ్ యాప్‌తో నడిచేవాటికి ఈ సమస్య ఉండదు.

పాతదాన్ని పద్ధతిగా ముగించండి

రీఛార్జ్ ఆపేస్తే చాలు అనుకోకండి. పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు వస్తూనే ఉంటుంది. యాప్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ రాతపూర్వకంగా అడిగి, డాకెట్ నంబర్ తీసుకోండి. యూపీఐ ఆటోపే క్యాన్సిల్ చేయండి. బాక్స్ తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబర్ ఫొటో తీసుకుని, రసీదు అడగండి. డిపాజిట్ రాకపోతే ఆ డాకెట్ నంబర్‌తోనే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు. ఫోన్‌లో నోటితో చెప్పిన మాటకు అక్కడ ఆధారం ఉండదు.

ఇప్పుడే మార్చే ఆలోచన లేకపోయినా, ఈ రాత్రికి ఒక్క పని చేయండి. మీ ప్లాన్ ఏ తేదీతో అయిపోతుందో చూసి, దానికి 15 రోజుల ముందుకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.