ఫోనులో యాప్, ట్యాబులో యాప్ - రైతులు గుర్తించవలసిన భేదములు

వాతావరణ సూచనలు, తెగుళ్ళ నివారణ, మార్కెట్టు ధరలు మొదలగు విషయములను నేడు పెక్కుమంది రైతులు స్మార్ట్‌ఫోను ద్వారానే తెలిసికొనుచున్నారు. గ్రామ సమావేశములలో వ్యవసాయ సిబ్బంది ఆ యాప్‌నే పెద్ద తెరగల టాబ్లెట్, అనగా ట్యాబుపై చూపుట గలదు. అక్కడ చక్కగా అర్థమైన విషయము, ఇంటికి వచ్చి ఫోను తెరచునప్పటికి ఒక్కొక్కప్పుడు కనిపించదు. "మన ఫోనులో అది రాదు" అని కొందరు యాప్‌ను తీసివేయుదురు. నిజమునకు సమాచారము ఎక్కడికిని పోలేదు. తెరను బట్టి దానిని అమర్చిన తీరు మారినది, అంతే. ఈ భేదమును తెలిసికొనిన రైతు ఏ పరికరములోనైనను తనకు కావలసిన సలహాను వెదకి తీసికొనగలడు.

తెర వైశాల్యము

ఫోను 6.5 అంగుళములు, ట్యాబు 10 అంగుళములు అని చెప్పునపుడు ఆ కొలత తెర యొక్క ఒక మూల నుండి ఎదుటి మూల వరకు తీసినది. వైశాల్యము లెక్కించినచో అట్టి ఫోను తెర సుమారు 16 చదరపు అంగుళములు, ట్యాబు తెర సుమారు 45 చదరపు అంగుళములు ఉండును. అనగా దాదాపు మూడు రెట్లు. చిన్న మడిలో ఒక పైరే వేయగలము. పెద్ద మడిలో అంతర పంటకును చోటు దొరకును. యాప్‌ల సంగతియు ఇట్టిదే.

ఆపిల్ కంపెనీ ఐఫోను 2007లోను, ఐప్యాడ్ అను ట్యాబు 2010లోను వచ్చినవి. ఆండ్రాయిడ్‌లో 2011లో ట్యాబులకు ప్రత్యేకముగా 3.0 రకము వెలువడెను. అదే సంవత్సరము వచ్చిన 4.0 రకము ఫోనులకు, ట్యాబులకు కూడ ఒక్కటే అయినది. అందుచేత నేడు ఒకే యాప్ తెర వెడల్పును చూచుకొని, దానికి తగినట్లు తన్ను తాను అమర్చుకొనునట్లు తయారు చేయుచున్నారు.

అమరికలో భేదము

అందరికిని తెలిసిన వాట్సాప్‌ను తీసికొందము. ఫోనులో మొదట పేర్ల పట్టిక మాత్రమే కనిపించును. ఒక పేరును తాకిన పట్టిక మరుగై, సందేశములు వచ్చును. మరల పట్టిక కావలెనన్న పై మూలనున్న బాణపు గుర్తును నొక్కవలెను. ట్యాబులో పట్టిక ఎడమ వైపున, సందేశములు కుడి వైపున ఒకేసారి కనిపించును. వ్యవసాయ యాప్‌లలో కూడ ఇట్టి ఏర్పాటు ఉండవచ్చును: ట్యాబులో పంటల పేర్లు ఒక ప్రక్క, సలహా మరియొక ప్రక్క, ఫోనులో పంట పేరును తాకిన తరువాతనే సలహా.

ముఖ్యమైన మీటలు ఫోనులో సామాన్యముగా తెర అడుగున ఉండును. బొటనవ్రేలికి అందుటకే ఈ ఏర్పాటు. ట్యాబును రెండు చేతులతో పట్టుదుము గనుక అవి తరచుగా ఎడమ అంచున ఉండును. ఒకచోట కనిపించని మీటను రెండవచోట వెదకవలెను.

అన్ని యాప్‌లును ఇట్లు మారవు. ఫోను కొరకే చేసిన యాప్ ట్యాబులో సాగదీసినట్లు కనిపించును, లేదా మధ్యలో చిన్నదిగా నిలుచును. ఐప్యాడ్‌కు ప్రత్యేకముగా వాట్సాప్ 2025 మే నెలలో గాని రాలేదు. కనుక ట్యాబు పెద్దది గదా అని సమాచారము కూడ హెచ్చుగా ఉండునని తలచరాదు.

మోతాదు చూచునపుడు హెచ్చరిక

మందుల పట్టికలో పలు వరుసలుండును: మందు పేరు, లీటరు నీటికి ఎంత, ఎకరమునకు ఎంత. ట్యాబులో ఇవన్నియు ఒకేసారి కనిపించవచ్చును. ఫోనులో కుడి ప్రక్క వరుసలు తెర దాటి పోవచ్చును. వ్రేలితో ప్రక్కకు జరిపిననే కనిపించును.

లీటరు నీటికి 1 మి.లీ. వాడవలసిన మందును ఎకరమునకు 200 లీటర్ల నీటితో పిచికారి చేయవలెనన్న మొత్తము 200 మి.లీ. పట్టును. 16 లీటర్ల స్ప్రేయరు ట్యాంకుకు 16 మి.లీ. మాత్రమే. "200 మి.లీ." అను అంకెను మాత్రము చూచి ఒక్క ట్యాంకులో పోసినచో మోతాదు పన్నెండున్నర రెట్లగును. పైరు మాడును, డబ్బు పోవును, కొట్టువానికిని ప్రమాదము. కావున పట్టిక పై శీర్షికలను చదివి, ప్రక్కకు జరిపి చివర వరకు చూచి, డబ్బాపైనున్న లేబులుతో సరిచూచుకొనవలెను. ఫోనును అడ్డముగా త్రిప్పిన మరికొన్ని వరుసలు కనిపించును.

పరికరములలో భేదము

1. జి.పి.ఎస్.: పొలము ఉన్నచోటును గుర్తించుటకు ఇది అవసరము. వై-ఫై మాత్రమే గల ఐప్యాడ్‌లలో ఇది లేదు. అట్టి ట్యాబుతో పొలములో తీసిన ఫోటోకు సరియైన స్థానము నమోదు కాకపోవచ్చును.

2. సిమ్: సిమ్ లేని ట్యాబుకు పొలములో ఇంటర్నెట్టు కావలెనన్న ఫోను హాట్‌స్పాట్ ఇవ్వవలెను. ఓ.టి.పి. సందేశము కూడ ఫోనుకే వచ్చును.

3. కెమెరా: చౌక ట్యాబులలో పలువాటికి ఫ్లాష్ దీపముండదు. ఆకు అడుగున దాగిన పురుగును ఫోటో తీయుటకు ఫోనే మేలు.

4. బరువు: ఫోను సుమారు 200 గ్రాములు, పది అంగుళముల ట్యాబు సుమారు అర కిలో తూగును.

ఏది కొనవలెను?

ఒక్క కుటుంబమునకు మంచి ఫోను చాలును. పదిమంది కూర్చుండి చూచు రైతు సంఘమునకు, చిన్న అక్షరములు కనిపించని పెద్దలకు ట్యాబు ఉపయోగకరము. కొనుటకు ముందు సిమ్, జి.పి.ఎస్., ఫ్లాష్ గలవో లేవో అంగడిలోనే అడిగి, తాము వాడు యాప్ అందులో తెరచుకొనుచున్నదో లేదో చూచుకొనవలెను.

సమావేశములో ట్యాబుపై చూచిన సలహాను అక్కడనే తమ ఫోనులో కూడ తెరచి, ఎన్ని మీటలు నొక్కిన వచ్చునో నేర్చుకొని మరలుట మంచిది. అప్పటికిని సందేహమున్న కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును. దీనికి ఏ యాప్‌తోను పనిలేదు.