అరకొర మాట - యంత్రం తెలివి

యంత్రం మనిషి కండబలానికి తోడు నిలిచిన కాలం దాటి, మెదడుకే తోడు వచ్చిన కాలమిది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడిన తర్వాత, మామూలు మాటల్లో అడిగితే ప్రోగ్రాం రాసిచ్చే కృత్రిమ మేధ విద్యార్థుల చేతికందింది. మరి మనం అరకొరగా చెప్పినా అది పనికివచ్చే పరిష్కారం ఇవ్వగలదా? మనకు తెలిసిన పొలం పనితోనే పరిశీలిద్దాం.

తుర్కయంజాల్‌లో ప్లాట్ల హద్దురాళ్ల నడుమ మిగిలిన మడులకు బోరే ఆధారం. "మడికి నీళ్లు కట్టు బిడ్డా" అని నాయిన అంటే, అందులో చెప్పని మాటలెన్నో ఉంటాయి. నేల ఎర్ర చెల్కనా, నల్లరేగడా? నిన్న వాన పడ్డదా? బోరు నిండుగ పోస్తున్నదా, ఆగి ఆగి పోస్తున్నదా? ఇవేవీ ఆయన చెప్పడు. వినేవాడు కూడా అదే మడిలో నిలబడ్డాడు గనుక చెప్పే అవసరం లేదు.

ఇప్పుడు ఆటో స్టార్టరును చూడండి. దానికిచ్చిన ఆజ్ఞ ఒక్కటే: కరెంటు వస్తే మోటరు నడుపు. అర్ధరాత్రి కరెంటు వచ్చే రోజుల్లో అది రైతు నిద్ర కాపాడింది. కాని తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చేముందు, ఆటో స్టార్టర్లు తీసివేయమని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చింది. కరెంటు పోకుంటే మోటరు ఆగదు, భూగర్భజలం అడుగంటుతుంది. యంత్రం చెప్పిందే చేసింది. "మడి తడిస్తే ఆపు" అని దానికెవరూ చెప్పలేదు.

కృత్రిమ మేధ ఇంతకంటే తెలివైనది కదా అంటారు. నిజమే, చెప్పనిదాన్ని అది ఊహించి పూరిస్తుంది. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో లెక్కలేనన్ని వాక్యాల నుంచి నేర్చుకున్నది గనుక, సాధారణంగా ఉండేదాన్నే ఊహిస్తుంది. "తేమ తగ్గితే మోటరు వేసే ప్రోగ్రాం రాయి" అంటే క్షణంలో రాస్తుంది. ఎంత తగ్గితే అన్నది మనం చెప్పకుంటే తానే 20 శాతమని వేయవచ్చు. ఇసుకపాలు ఎక్కువున్న చెల్కలో ఆ తేమ మొక్కకు చాలినంత. బంకమన్ను నిండిన రేగడిలో అదే తేమకు మొక్క వాడిపోతుంది. ప్రోగ్రాం తప్పులేకుండా నడుస్తుంది, పంట మాత్రం ఎండుతుంది. యంత్రంలో పెట్టిన లక్ష్యం మనం నిజంగా కోరుకున్నదేనా అని ముందే తేల్చుకోవాలని గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ 1960లోనే హెచ్చరించాడు.

ఇది ఒక్క చేను నష్టంతో పోదు. "అనర్హుల రేషన్ కార్డులు తీసివేయి" అన్న పనిని తెలంగాణలో కంప్యూటరు లెక్కకు అప్పగించారు. ఎవరు అనర్హులో ఇంటికి పోయి చూసినవారు లేరు. అట్లా రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడ ఎండేది పైరు కాదు, కడుపు.

కాబట్టి మిత్రులారా, మనం పాటించవలసినవి మూడు. మొదటిది, అడిగేటప్పుడే కొలత చెప్పాలి: ఎంత, ఎప్పుడు, ఎక్కడ ఆపాలి. రెండవది, "నేను చెప్పనివి ఏమేమి ఊహించుకున్నావు?" అని దాన్నే అడిగి రాయించుకోవాలి. మూడవది, వచ్చిన జవాబును ముందు ఒక్క మడిలో పరీక్షించి, తర్వాతనే చేనంతటికీ వాడాలి. ఇవి మనకు కొత్తవి కావు. ప్రాక్టికల్ క్లాసులో కొలవడం, రీడింగు సరిచూడడం నేర్చుకునేది ఇందుకే. కృత్రిమ మేధ వచ్చినంత మాత్రాన ఆ పని తీరలేదు, ఇంకా పెరిగింది.