కంప్యూటరు తెర మిణుకుట – కారణములు, చికిత్స

కంప్యూటరు తెర నిలుకడగా వెలుగక మిణుకుమిణుకుమనుచుండుట నేటి విద్యార్థులలో పలువురకు పరిచయమైన బాధయే. దానివలన కన్నులు మండును, తల నొచ్చును, చదువవలసిన పాఠము మూలబడును. ఇంతకంటె చెడుగు మరియొకటి కలదు. మిణుకుట కనబడినంతనే 'తెర పోయినది' అని నిశ్చయించి, క్రొత్త తెరకై వేలకొలది రూపాయలు చెల్లించువారున్నారు. తెరయందు ఏ దోషమును లేక, లోపలి సెట్టింగులలో ఒక్క మార్పుతో కుదురుకొను సందర్భములు అనేకములు. లినక్సుతో నడచు కంప్యూటరులలో ఈ బాధను ఎట్లు గుర్తింపవలెనో, ఎట్లు మాన్పవలెనో ఈ వ్యాసమున వివరింతును.

లినక్సు చెన్నపట్టణమునకు క్రొత్తది కాదు. ఫిన్లెండు దేశమున విద్యార్థిగానున్న లైనస్ టోర్వాల్డ్సు 1991 లో ప్రారంభించిన ఈ వ్యవస్థను ఆధారముగా గొని, మన దేశభాషలకు అనువుగా 'బాస్' అను పేర ఒక లినక్సును చెన్నైలోని సి-డాక్ సంస్థ రూపొందించినది. 2011 సెప్టెంబరు 15 వ తేదీన తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగా ల్యాప్‌టాపులు పంచు పథకమును ఆరంభించినపుడు, ఆ యంత్రములలో విండోసు సరసనే ఈ బాస్ లినక్సును కూడ ఉంచిరి. అన్నల నుండి తమ్ములకు, అక్కల నుండి చెల్లెండ్రకు చేతులు మారి వచ్చిన అట్టి యంత్రములు కొన్ని నేటికిని పని చేయుచున్నవి. ప్రాతబడిన యంత్రమునకు లినక్సు మంచి ఊతకఱ్ఱ. కాని ప్రాతయంత్రమునకే మిణుకు రోగమును అధికము.

ముందుగా మిణుకుట యననేమో తెలిసికొందము. మన కన్ను చూచిన బింబమును క్షణకాలము నిలుపుకొనును. ఈ గుణము మీదనే చలనచిత్రము నిలిచియున్నది. వడపళనిలోని విజయా-వాహినీ స్టూడియోలలో తయారైన 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రములు సెకనుకు 24 బొమ్మల చొప్పున తెరపై నడచినవే. అయినను సెకనుకు 24 మారులు మాత్రమే వెలిగి ఆరినచో కన్ను ఆ చీకటిని పట్టుకొనును. అందుచేత ప్రొజెక్టరులోని తిరుగుడు రేకు ఒక్కొక్క బొమ్మను రెండు మారులు వెలుగున కెత్తును. మెరుపులు 48 అగును, కన్ను శాంతించును. మూకీల కాలమున బొమ్మలు ఇంకను తక్కువ వేగమున నడచుటచే మిణుకు స్పష్టముగా కనబడెడిది. ఇంగ్లీషువారు సినిమాకు 'ఫ్లిక్సు' అని మారుపేరు పెట్టుటకు కారణమదియే.

నేను రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ పొందునాటికి కంప్యూటరు తెరలన్నియు పెట్టెవంటి గాజు గొట్టములే. అందు ఎలక్ట్రానుల ధార గాజు లోపలి పూతను గీతవెంట గీతగా వెలిగించుచు పోయెడిది. వెలిగిన చోటు వెంటనే ఆరిపోవుచుండెడిది. సెకనుకు 60 మారులు గీసినచో కంటికి అదురు తెలిసెడిది, 75 లేక 85 మారులైనచో హాయిగానుండెడిది. సెకనుకు ఎన్ని మారులను ఈ లెక్కనే హెర్ట్జులలో చెప్పుదురు. నేటి పలుచని తెరలు అట్లు ఆరిపోవు. ఒక బొమ్మ వచ్చువరకు ముందటి బొమ్మను పట్టియుంచును. కావున 60 హెర్ట్జులు వానికి చాలును. అయినను అవి మిణుకుచున్నవన్నచో కారణము వేరొకచోట వెదకవలెను.

ఈ విషయమును తేలికగా తీసికొనరాదు. సెకనుకు 3 నుండి 30 మారుల వరకు బలముగా మెరయు వెలుగు కొందరికి మూర్ఛ తెప్పించును. 1997 డిసెంబరు 16 న జపానులో 'పోకెమాన్' అను పిల్లల బొమ్మల కథ టెలివిజనులో ప్రసారమగుచుండగా, ఒక దృశ్యమున ఎరుపు, నీలి వెలుగులు సెకనుకు సుమారు 12 మారులు మారి మెరసినవి. ఆరువందలకు పైగా పిల్లలు ఆసుపత్రుల పాలైరి. వారిలో పెక్కురకు అంతకుముందు మూర్ఛరోగము లేదు. కావున తెర బలముగా మిణుకుచున్నచో 'ఈ పాఠము ముగించి చూతము' అని దానియెదుట కూర్చుండవలదు. ఇంట మూర్ఛవ్యాధి గలవారున్నచో వెంటనే ఆర్పుడు.

ఇక పరీక్ష. వైద్యుడు నాడి చూడక మందీయడు గదా! మొదట గదిలోని దీపమును ఆర్పి చూడుడు. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తములతో ప్రవహించును. ప్రాత చోకు గల ట్యూబులైటు అందువలన సెకనుకు 100 మారులు కొట్టుకొనును. చవుక ఎల్.ఇ.డి. బల్బులు కొన్నియు నిట్టివే. దీపమార్పగానే తెర కుదుటపడినచో దోషము దీపముదే. తరువాత ఛార్జరును ఊడదీసి బ్యాటరీపై నడపుడు. అప్పుడు మిణుకు పోయినచో ఛార్జరునో, ఇంటి ఎర్తింగునో అనుమానింపవలెను.

అన్నిటికంటె విలువైన పరీక్ష వేరొకటి కలదు. యంత్రమును క్రొత్తగా వెలిగించి, లినక్సు మొదలు కాకముందే ఎఫ్ 2 లేక డిలీట్ మీటను నొక్కినచో (ఒక్కొక్క కంపెనీ యంత్రమునకు ఒక్కొక్క మీట) యంత్రపు మూల సెట్టింగుల పుట వచ్చును. ఆ పుట కనబడునపుడు లినక్సు ఇంకను నిద్రలేవలేదు. అక్కడ కూడ తెర మిణుకుచున్నచో తప్పు లినక్సుది కాదు. తెరదో, కేబులుదో, విద్యుత్తుదో. అక్కడ నిలుకడగానుండి లినక్సు వచ్చిన తరువాతనే మిణుకుచున్నచో తెరకు డబ్బు పెట్టకుడు. తప్పు సెట్టింగులలో నుండుట బహుశః నిజము. ఈ ఒక్క పరీక్ష చేయకపోవుటవలన నష్టపోయినవారిని నేనెరుగుదును. పన్నెండవ తరగతి బాలిక యొకతె తండ్రితో దుకాణమునకు పోగా, అచటివారు తెర మార్పవలసినదే యనిరి. మూల పుటలో ఆ తెర దీపశిఖవలె నిశ్చలముగా నుండినది.

ల్యాప్‌టాపు మూతను మెల్లగా ముందు వెనుకలకు కదల్చినపుడు మిణుకు మారుచున్నచో, కీలు లోపలినుండి పోవు సన్నని కేబులు నలిగినదని అర్థము. దానిని మార్చుటకు తెర వెలలో కొంతయే యగును. బల్లమీది మానిటరునకు విజిఎ కేబులైనచో ఆ 15 సూదులలో ఏదియైన వంగినదేమో చూచి, రెండు స్క్రూలను బిగింపుడు. చెడు కేబులు మరియొక చిక్కును తెచ్చును. మానిటరు తన శక్తి సామర్థ్యములను ఆ తీగవెంటనే కంప్యూటరునకు తెలుపును. ఆ కబురు అందనిచో లినక్సు భయపడి, ఏ తెరకైనను సరిపడు చిన్న కొలతను ఎంచుకొనును. అక్షరములు అలుకుకొనిపోవును.

ఈ అక్షరముల మాట తెలుగు చదువువారికి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఇంగ్లీషు అక్షరము కొంచెము మసకబారినను పోల్చుకొనవచ్చును; తెలుగున అట్లు కాదు. 'అర్థము' అన్నచో భావము లేక ధనము, 'అర్ధము' అన్నచో సగము. ఈ రెంటికిని నడుమ గల భేదమెంత? థకారపు కడుపులోని ఒక్క చుక్క! పకార వకారములకును, 'మ', 'వు' అను వానికిని భేదము ఇట్టి సూక్ష్మమే. కావున తెరకు సహజమైన కొలతనే ఎంచవలెను. లినక్సు సెట్టింగులలో 'డిస్‌ప్లేలు' అను పుటకు పొండు. అందు 'రిజల్యూషను' అనుచోట తెరకు స్వభావసిద్ధమైన సంఖ్య, అనగా చిన్న ల్యాప్‌టాపులకు తరచుగా 1366, 768. పెద్ద తెరలకు 1920, 1080 ఉండును. అక్షరములు చిన్నవైనచో రిజల్యూషను తగ్గింపకుడు. 'స్కేలు' పెంచుడు, లేదా 'పెద్ద అక్షరములు' అను సౌకర్యమును వాడుడు. పోతన, వేమన అను పేర్లుగల ఫాంటులు లినక్సులో ఉచితముగా లభించును; నా కంటికి ఒత్తులు పోతనలో తేటగా తోచును.

ఆ పుటలోనే 'రిఫ్రెష్ రేటు' అనునది కలదు. అందు 59.9, 60 అని రెండు సంఖ్యలున్నచో ఒకదాని తరువాత ఒకటి ఎంచి చూడుడు. కొన్ని తెరలు ఒకదానికి మాత్రమే ఒదుగును. తప్పు సంఖ్య పడి తెర నల్లబడినను బెదరవలదు. 'ఉంచుదునా' అని లినక్సు అడుగును. మీరు బదులీయనిచో కొలది సెకనులలో పూర్వస్థితి దానంతటదియే వచ్చును. పిమ్మట 'పవరు' పుటలో తెర వెలుగును దానంతటదే మార్చు ఏర్పాటున్నచో దానిని ఆపుడు. కిటికీ వెలుగు మారినప్పుడెల్ల తెర మారుచుండగా దానిని మిణుకని భ్రమపడువారున్నారు.

కదలక నిలిచిన పుటను చదువుచుండగా తెర మిణుకుచు, మౌసు కదల్పగానే కుదుటపడుచున్నదా? ఇంటెలు చిప్పు గల యంత్రములలో ఇది ప్రసిద్ధమైన లక్షణము. బొమ్మ మారనపుడు బ్యాటరీ మిగుల్చుటకై చిప్పు నిద్రించును. తెర తన జ్ఞాపకములోని బొమ్మనే తాను చూపుకొనుచుండును. ఆ నిద్రకును మెలకువకును నడుమ పొత్తు చెడినపుడు మిణుకు పుట్టును. ఈ ఏర్పాటును ఆపుటకు మార్గమిది. యంత్రము మొదలగునపుడు వచ్చు గ్రబ్ పట్టికలో ఇ మీట నొక్కుడు. 'లినక్స్' అను మాటతో మొదలగు పంక్తి చివర ఒక ఖాళీ విడిచి, ఐ 915, చుక్క, ఎనేబుల్, అండర్‌స్కోరు, పిఎస్ఆర్, సమానచిహ్నము, సున్న – వీనిని ఇంగ్లీషు చిన్న బడి అక్షరములతో, నడుమ ఖాళీ లేకుండ చేర్చి, ఎఫ్ 10 నొక్కుడు. ఈ మార్పు ఆ ఒక్క మారునకే. పొరపాటు జరిగినను మరల వెలిగించినచో మాసిపోవును. రెండు మూడు దినములు ఇట్లు చూచి, గుణము కనబడినప్పుడే గ్రబ్ ఫైలులో ఆ మాటను శాశ్వతముగా వ్రాసి, అప్‌డేట్-గ్రబ్ అను ఆజ్ఞను నడపవలెను. పైని చెప్పిన బాలిక యంత్రము ఈ ఒక్క మాటతోనే కుదురుకొన్నది. లినక్సును క్రొత్తదానికి మార్చిన దినమునుండియే మిణుకు మొదలైనచో మాత్రము, గ్రబ్ పట్టికలోనే ప్రాత కెర్నలును ఎంచి చూచుట సులభతరము.

చివరగా, వెలుగు తగ్గించినపుడు మాత్రమే కలుగు మిణుకు. పెక్కు తెరలు వెనుక దీపమును నిజముగా మసకబరుపవు. సెకనుకు కొన్ని వందల మారులు ఆర్పి వెలిగించి, మసకయైనట్లు మనలను నమ్మించును. చీకటి గదిలో తెల్లని పుట తెరచి, దానియెదుట పెన్సిలును విసనకఱ్ఱవలె ఊపుడు. ఒకే మసక నీడ కనబడినచో దీపము నిలుకడగానున్నది. విడివిడిగా పలు పెన్సిళ్లు కనబడినచో అది కొట్టుకొనుచున్నది. అట్టి తెరకు దీపమును పూర్తిగా పెంచి, 'ఎక్స్‌ర్యాండ్‌ఆర్' అను ఆజ్ఞతో రంగులనే తగ్గింపవచ్చును. ఈ ఆజ్ఞ ఎక్స్ పద్ధతిలో పని చేయును గాని, క్రొత్తదగు వేలాండు పద్ధతిలో చేయదు.

ఇన్నియు చేసినను మానక దుకాణమునకు పోవలసివచ్చినచో, రిచ్చీ వీథికి బయలుదేరుటకు ముందే ఒక కాగితముపై వ్రాసికొనుడు: మూల పుటలో మిణుకినదా లేదా, మూత కదల్పగా మారినదా, వేరు మానిటరు తగిలింపగా దానిలో ఎట్లున్నది, ఛార్జరు తీసినపుడు ఎట్లున్నది. ఆ కాగితమును మొదట చూపి, ఆ పిదప యంత్రమును తెరువనిండు.